మేరర్ అనే మేస్త్రీ

పిరమిడ్లు ఎవరు కట్టారని ఆదోనిలో ఏ బడిలో అడిగినా మూడు జవాబులొస్తాయి: రాజు, బానిసలు, గ్రహాంతరవాసులు. మూడోది యూట్యూబ్ పుణ్యం. ఆదోని, ఎమ్మిగనూరు వైపు పిల్లలకు చరిత్ర చెప్పే నన్ను ఎక్కువ ఇబ్బంది పెట్టేది మాత్రం మొదటిదే. ఆదోని జామియా మసీదు సిద్దీ మసూద్ ఖాన్ కట్టించాడన్నట్టే, పెద్ద పిరమిడ్ ఖుఫు కట్టించాడంటే పాఠం అయిపోతుంది. 146 మీటర్ల ఎత్తు, దాదాపు 23 లక్షల రాళ్ళు, అన్నీ ఆ ఒక్క "కట్టించాడు"లో మునిగిపోతాయి.

అందుకే నేను రాజుతో కాదు, మేస్త్రీతో మొదలుపెడతాను. పేరు మేరర్. 2013లో ఎర్రసముద్రం ఒడ్డున వాడి అల్-జర్ఫ్ దగ్గర పియర్ తాలే బృందానికి దొరికిన పాపిరస్ ముక్కల్లో అతని రోజువారీ పద్దు ఉంది. నాలుగున్నర వేల ఏళ్ళ నాటిది. రాత ఉన్న పాపిరస్‌లలో ఇంతకంటే పాతవి ఇంకా దొరకలేదు. మేరర్ కింద నలభైమంది దాకా జట్టు. తూరా గనుల దగ్గర తెల్ల సున్నపురాయి పడవలకెక్కించి, నైలు మీదుగా గీజాకు చేర్చడం వాళ్ళ పని. ఏ రోజు ఎక్కడ రాయి ఎక్కించారు, రాత్రి ఎక్కడ ఆగారు, ఇదే రాత. తిండిగింజల లెక్కలున్న ముక్కలూ అక్కడే దొరికాయి.

మేస్త్రీ, జట్టు, పద్దు... ఇవి ఇక్కడి పిల్లలకు విడమర్చి చెప్పక్కర్లేదు. వానలు మొహం చాటేసిన ఏడు కోసిగి, కౌతాళం, ఎమ్మిగనూరు పల్లెల్లోంచి ఇళ్ళకిళ్ళు సుగ్గికి పోతాయి. కొందరు గుంటూరు మిరప చేలకు, కొందరు బెంగుళూరు కట్టడాలకు. పిల్లలూ వెంట పోతారు. హాజరు పట్టీలో నెలల తరబడి ఖాళీ.

"చక్రం లేకుండా అంత బండ ఎట్ల లాగినారు సార్?" ఊరి పక్కనే గ్రానైటు కొండలు చూస్తూ పెరిగిన పిల్లలు కదా, ప్రశ్న సూటిగా ఉంటుంది. జెహుతిహోతెప్ అనే అధికారి సమాధి గోడ మీద ఒక బొమ్మ ఉంది. ఖుఫు తర్వాత ఆరేడు వందల ఏళ్ళకు గీసింది. చక్రాల్లేని చెక్కబండి మీద పెద్ద విగ్రహం, 172 మంది తాళ్ళు పట్టి లాగుతున్నారు, బండి ముందు ఒకడు ఇసుక మీద నీళ్ళు పోస్తున్నాడు. అదేదో పూజ అనుకున్నారు చాలాకాలం. 2014లో ఆమ్‌స్టర్‌డామ్ విశ్వవిద్యాలయం వాళ్ళు పరీక్షించి చూస్తే, ఇసుకకు తగినంత తడి తగిలితే సగం బలమే చాలింది. మేం దీన్ని ఇటుక, తాడు, ఒక చెంబు నీళ్ళతో చేస్తాం. నీళ్ళెక్కువైతే ఇటుక మళ్ళీ మొరాయిస్తుంది. ఆ సంగతి నేను ముందే చెప్పను.

ఇక బానిసల మాట. 1990 నుంచి గీజాలో పనివాళ్ళ సమాధులు బయటపడ్డాయి, పిరమిడ్లకు దగ్గరలోనే. విరిగి అతుక్కున్న ఎముకలున్నాయి, అంటే ఎవరో కట్టు కట్టారు. రొట్టె, బీరు, మాంసం అందేవి. అంతమాత్రాన అందరూ ఇష్టపడి వచ్చారని చెప్పడానికి నాకు నోరు రాదు. రాజ్యం పిలిస్తే రానని చెప్పే వీలు ఎంతమందికి ఉంటుంది? మన దగ్గర వెట్టి అనే మాట ఊరికే పుట్టలేదు. బానిసకూ ఇష్టంగా వచ్చినవాడికీ మధ్య చాలా దూరం ఉంది. కరువొచ్చి లారీ ఎక్కే ఇంటి పిల్లలకు ఆ దూరం గురించి నేను కొత్తగా చెప్పేదేం లేదు.

పాఠం అయ్యాక మేరర్ పద్ధతిలో ఇంట్లోవాళ్ళ పని రాసుకు రమ్మంటాను. ఏ రోజు, ఎక్కడ, ఎంతమంది, ఏం పని. గొప్పలొద్దు, ఏడుపులొద్దు. కోసిగి వైపు నుంచి వచ్చే ఏడో తరగతి పాప ఒకటి ఇలా రాసింది:

"బుధవారం. లారీలో 34 మంది. గురువారం. చేను కాడ గుడిసె ఏసుకున్నాం. శుక్రవారం. మిరపకాయలు. శనివారం. వాన. పని లేదు. ఆదివారం. మిరపకాయలు."