ఇమాటినిబ్: తొలి గురి మాత్ర చరిత్ర

ఇమాటినిబ్ దీర్ఘకాలిక మైలాయిడ్ లుకేమియా అనే రక్త క్యాన్సర్‌కు వాడే మాత్ర. వైద్యులు ఈ జబ్బును సీఎంఎల్ అంటారు. స్విట్జర్లాండ్‌లోని బాసెల్‌లో తయారైన ఈ మందును మొదట అమెరికాలో రోగుల మీద పరీక్షించారు. 2001 మే 10న అక్కడి ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ ఆమోదించింది. క్యాన్సర్ కణం మీది ఒక నిర్దిష్ట ప్రొటీన్‌నే గురిపెట్టే మందులు అంతకుముందూ ఉన్నాయి. రిటుక్సిమాబ్ 1997లో, ట్రాస్టుజుమాబ్ 1998లో వచ్చాయి. కానీ అవి కణం పైపొరను పట్టుకునే యాంటీబాడీలు, నరంలోకి ఎక్కించాల్సినవి. కణం లోపలికి చొరబడి, క్యాన్సర్‌కు మూలమైన కైనేజ్ ఎంజైమ్‌నే ఆపేలా రూపొందించిన మాత్రల్లో ఆమోదం పొందిన మొదటిది ఇమాటినిబ్.

లుకేమియాకు మందుతో చికిత్స సాధ్యమని చూపింది బోస్టన్ వైద్యుడు సిడ్నీ ఫార్బర్. 1947 చివర్లో ఆయన పిల్లలకు ఇచ్చిన అమినోప్టెరిన్‌ను భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు సారథ్యంలో లెడర్లీ ప్రయోగశాల తయారుచేసింది. ఫోలిక్ ఆమ్లం పనిని అడ్డుకుని కణ విభజనను ఆపడం ఆ మందు పద్ధతి. చాలామంది పిల్లల్లో జబ్బు తాత్కాలికంగానైనా తగ్గింది. అయితే వేగంగా విభజన చెందే ఏ కణాన్నీ అది వదలదు; పేగుల లోపలి పొర, ఎముక మజ్జ కూడా దెబ్బతింటాయి. తర్వాతి కీమోథెరపీ మందుల్లో చాలావాటికి ఈ ఇబ్బంది తప్పలేదు.

సీఎంఎల్ కథ మలుపు తిరిగింది 1960లో. ఫిలడెల్ఫియాలో పీటర్ నోవెల్, డేవిడ్ హంగర్‌ఫోర్డ్ ఈ రోగుల కణాల్లో ఉండాల్సినదానికంటే పొట్టిగా ఉన్న ఒక క్రోమోజోమ్‌ను చూశారు. దానికి ఆ ఊరి పేరే వచ్చింది. ఒక క్యాన్సర్‌కూ ఒక నిర్దిష్టమైన జన్యు లోపానికీ సంబంధం కనబడడం అదే మొదలు. అది ఎందుకు పొట్టిదయిందో చెప్పడానికి 13 ఏళ్లు పట్టింది. షికాగోలో జానెట్ రౌలీ కొత్త రంగుల పద్ధతితో క్రోమోజోముల చారలు కనబడేలా చేసి, ఫొటోల నుంచి వాటిని కత్తిరించి, ఇంట్లో భోజనాల బల్ల మీద పేర్చి పోల్చేవారు. 9వ, 22వ క్రోమోజోముల కొసలు తెగి ఒకదాని ముక్క ఇంకొకదానికి అతుక్కుందని 1973లో ఆమె తేల్చారు.

ఆ అతుకు దగ్గర ఏబీఎల్, బీసీఆర్ అనే రెండు జన్యువులు కలిసిపోయాయని 1980లలో తెలిసింది. ఏబీఎల్ ప్రొటీన్ ఒక టైరోసిన్ కైనేజ్. కణానికి శక్తినిచ్చే ఏటీపీ అనే అణువు నుంచి ఫాస్ఫేట్‌ను తీసి వేరే ప్రొటీన్లకు తగిలించి, కణాన్ని విభజనకు పురికొల్పుతుంది. మామూలుగా అవసరమైనప్పుడే పనిచేసే ఈ ఎంజైమ్, బీసీఆర్‌తో కలిసిపోయాక ఆగకుండా పనిచేస్తుంది. ఈ కలయిక జన్యువును ఎలుకల మజ్జలో పెడితే వాటికి సీఎంఎల్‌లాంటి జబ్బు వస్తుందని డేవిడ్ బాల్టిమోర్ బృందం 1990లో చూపింది. ఏ ప్రొటీన్‌ను ఆపాలన్నదానిలో ఇక సందేహం మిగల్లేదు.

ఎలా ఆపాలన్నది మాత్రం తేలలేదు. మనిషి శరీరంలో 500కు పైగా కైనేజ్‌లున్నాయి, అన్నీ ఏటీపీనే వాడుకుంటాయి. ఏటీపీ కూర్చునే చోటును మూసే మందు అన్నిటినీ మూసేస్తుందని చాలామంది శాస్త్రవేత్తలు నమ్మారు. బాసెల్‌లోని సీబా-గైగీ కంపెనీలో అలెక్స్ మాటర్, నికొలస్ లైడన్ బృందం ఆ నమ్మకాన్ని పక్కనపెట్టింది. రసాయన శాస్త్రవేత్త యుర్గ్ జిమ్మర్‌మన్ ప్రొటీన్ కైనేజ్-సి అనే వేరే ఎంజైమ్‌ను ఆపే అణువుతో మొదలుపెట్టారు. ఒకచోట మిథైల్ సమూహం చేర్చగానే ఆ ఎంజైమ్‌పై దాని ప్రభావం పోయింది, ఏబీఎల్ మీద పట్టు నిలిచింది. పైపరజీన్ వలయం చేర్చాక నీటిలో కరిగి, నోటి ద్వారా ఇచ్చేందుకు వీలైంది. పోర్ట్‌లాండ్‌లోని ఒరెగాన్ వైద్య విశ్వవిద్యాలయంలో బ్రయన్ డ్రూకర్ దాన్ని రోగుల కణాల మీద పరీక్షించారు. క్యాన్సర్ కణాలు చనిపోయాయి, ఆరోగ్యంగా ఉన్న కణాలకు పెద్దగా హాని జరగలేదు. ఈ ఫలితం 1996లో అచ్చయింది.

అయినా రోగికి మొదటి మోతాదు అందడానికి రెండేళ్లు పట్టింది. నా దృష్టిలో ఈ చరిత్రలో అన్నిటికంటే ఎక్కువ ఆలోచించాల్సిన భాగం ఇదే. నరంలోకి ఇచ్చినప్పుడు కుక్కల్లో రక్తం గడ్డకట్టింది, మాత్రగా ఇచ్చినప్పుడు ఎక్కువ మోతాదుల్లో కాలేయం దెబ్బతింది. అదే సమయంలో సీబా-గైగీ, శాండోజ్ కలిసి నోవార్టిస్ ఏర్పడింది. అమెరికాలో ఏటా కొత్తగా ఈ జబ్బు బయటపడేది కొన్ని వేల మందికే. అంత చిన్న మార్కెట్ కోసం ఖర్చు పెట్టడానికి కంపెనీ వెనకాడింది. మందు ఉంది, అది ఆపాల్సిన ప్రొటీన్ తెలుసు, రోగులు చనిపోతూనే ఉన్నారు. డ్రూకర్ కంపెనీని వదలకుండా ఒత్తిడి చేశారు.

1998 జూన్‌లో మొదటి దశ పరీక్ష మొదలైంది. పోర్ట్‌లాండ్‌లో డ్రూకర్, లాస్ ఏంజెలిస్‌లో చార్ల్స్ సాయర్స్, హ్యూస్టన్‌లో మోషే తల్పాజ్ దాన్ని నడిపారు. అప్పటి ప్రధాన చికిత్స ఇంటర్‌ఫెరాన్ పనిచేయని రోగులను తీసుకుని, రోజుకు 25 మిల్లీగ్రాములతో మొదలుపెట్టి మోతాదు పెంచుతూ పోయారు. మొదటి దశలో చూసేది సాధారణంగా మందు భద్రతనే, జబ్బు తగ్గుతుందని ఎవరూ పెద్దగా ఆశించరు. ఇక్కడ మాత్రం 300 మిల్లీగ్రాములు, ఆపైన తీసుకున్న 54 మందిలో 53 మందికి రక్తకణాల సంఖ్య మామూలు స్థాయికి వచ్చింది. వికారం, కళ్ల చుట్టూ వాపు, కండరాలు పట్టేయడం వంటివి కనిపించినా చాలామంది తట్టుకోగలిగారు. ఈ కబురు ఇంటర్నెట్ ద్వారా రోగుల్లో పాకింది. ఉత్పత్తి పెంచమంటూ 1999లో వేలమంది సంతకాలతో కంపెనీకి విజ్ఞప్తి అందింది. మందు తయారీ పెరిగింది, తర్వాతి పరీక్షలు వేగం అందుకున్నాయి. దరఖాస్తు అందాక మూడు నెలల లోపే ఎఫ్‌డీఏ ఆమోదించింది.

1,106 మందితో జరిగిన ఐరిస్ పరీక్షలో ఇంటర్‌ఫెరాన్, సైటారబీన్ జోడీ ఇమాటినిబ్ ముందు నిలవలేకపోయింది. ఇమాటినిబ్‌తో మొదలుపెట్టినవారిలో పదేళ్ల తర్వాత సుమారు 83 శాతం మంది జీవించి ఉన్నారని 2017లో ప్రచురించారు. కేఐటీ అనే మరో కైనేజ్‌నూ ఆపుతుంది కాబట్టి, జీర్ణకోశంలో వచ్చే జిస్ట్ అనే కణితికీ 2002లో దీన్ని అనుమతించారు.

ముదిరిన దశలోని కొందరిలో జబ్బు తిరగబెట్టింది. ఏబీఎల్ ఆకారం కాస్త మారి మందు కూర్చునే చోటు పోతోందని సాయర్స్ బృందం 2001లోనే గుర్తించింది. దాంతో డసాటినిబ్ (2006), నిలోటినిబ్ (2007) వచ్చాయి. వాటికీ లొంగని, ఏబీఎల్‌లో వచ్చే టీ315ఐ అనే మార్పుకు 2012లో పోనాటినిబ్ వచ్చింది.

భారత్‌లో ఈ మందు చరిత్ర కోర్టుల గుండా సాగింది. ఇమాటినిబ్ మెసిలేట్ బీటా స్ఫటిక రూపానికి పేటెంట్ కోరుతూ నోవార్టిస్ 1998లో చెన్నైలో దరఖాస్తు చేసింది. హైదరాబాద్‌కు చెందిన నాట్కో ఫార్మా, ముంబైకి చెందిన క్యాన్సర్ పేషెంట్స్ ఎయిడ్ అసోసియేషన్ తదితరులు వ్యతిరేకించారు. కంపెనీ మందుకు నెలకు లక్ష రూపాయలకు పైగా అయ్యేది, జెనరిక్ మందు దాదాపు పదో వంతుకే దొరికేది. తెలిసిన పదార్థపు కొత్త రూపానికి పేటెంట్ కావాలంటే అది చికిత్సలో మెరుగ్గా పనిచేయాలని పేటెంట్ చట్టం సెక్షన్ 3(డి) చెబుతోంది. దాన్ని రుజువు చేయలేదంటూ 2013 ఏప్రిల్ 1న సుప్రీంకోర్టు దరఖాస్తును తిరస్కరించింది. జెనరిక్ ఇమాటినిబ్ కొనసాగింది. 2015లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఈ మందును అత్యావశ్యక ఔషధాల జాబితాలో చేర్చింది.

మందు జీవితాంతం వాడాలా అన్నది తర్వాత వచ్చిన ప్రశ్న. రెండేళ్లకు పైగా రక్తంలో జబ్బు ఆనవాలు దొరకని వంద మంది మాత్ర ఆపి చూడగా, ఏడాది తర్వాత దాదాపు 40 శాతం మందిలో అది తిరిగి రాలేదని ఫ్రాన్స్ పరిశోధకులు 2010లో ప్రకటించారు. తిరగబెట్టినవారికి మళ్లీ ఇమాటినిబ్ మొదలుపెడితే జబ్బు లొంగింది.