వికల్పమును తొలగించిన కథ



నేడు మన మనుమల చేతులలోని ఆండ్రాయిడ్ ఫోనులకు మూలాధారమైన ప్రోగ్రామొకటి గలదు. దాని పేరు లినక్స్ కెర్నలు. యంత్రమందలి మెమరీని, పరికరములను తక్కిన ప్రోగ్రాములకు పంచిపెట్టుట దాని పని. 1991లో హెల్సింకీ విశ్వవిద్యాలయ విద్యార్థియగు లైనస్ టోర్వాల్డ్స్ దీనిని వ్రాయ మొదలిడెను. తరువాత వేలకొలది జనులు దీనిని పెంపొందించిరి.

ఇందలి ప్రతి భాగమును ప్రతి యంత్రమునకు వలయునని లేదు. కావున 'ఈ భాగము వలయునా, వలదా?' యను ప్రశ్నలు పుట్టినవి. వ్యాకరణ పరిభాషలో నివి వికల్పములు. ఇట్టి ప్రశ్నలు 10 యున్నచో కూర్పులు 1,024. 20 అయినచో 10,48,576. ఏదో యొక కూర్పునందు మొదటి భాగము రెండవదాని సాయమును కోరును. ఆ రెండవదియో, వలదని విడువబడియుండును. అంతట భాగములన్నిటిని యంత్రభాషలోనికి కూర్చు వేళ దోషము బయల్పడి పని నిలిచిపోవును. 'రెండవది యున్నగాని మొదటిది పొసగదు' అని సూత్రము వ్రాయుట దీనికొక పరిష్కారము. ఇట్టి సూత్రములకై రోమన్ జిప్పెల్ కల్పించిన విధానమును 2002లో కెర్నలునందు స్వీకరించిరి. నేటికిని అదియే వాడుకలో నున్నది.

ఆ వికల్పములలో 'ఎక్స్‌పెరిమెంటల్' అనునది యొకటి. ప్రయోగదశయందున్నదని దాని యర్థము. దీనిని వలదన్నచో, పరీక్ష ముగియని భాగములు ఎన్నుకొనుటకు కనబడవు. ఉద్దేశము మంచిదే. కాని కాలక్రమమున పక్వమైన భాగములకును ఆ ముద్ర తొలగలేదు. అవి లేక పని జరుగదు గనుక, కెర్నలును కూర్చి లోకమునకు పంచువారు ఆ ప్రశ్నకు 'అవును' అనియే చెప్పుచు వచ్చిరి.

సంధులు బోధించిన నాకు ఇందలి దోషము సులభముగా తోచినది. ఎల్లరును తప్పక చేయు సంధి నిత్యము. దానిని వైకల్పికమనుట శాస్త్రమునకు తగదు. అంతకంటెను కీడు మఱొకటి గలదు: అన్నిటిపైనను వేసిన హెచ్చరిక దేనిని గూర్చియు హెచ్చరింపదు.

2012లో కీస్ కుక్ అనునతడు ఈ వికల్పమును తొలగింప పూనుకొనెను. ఒక్కొక్క భాగమునుండి ఆ ముద్రను తీసివేయుచు 2013లో దానిని పూర్తిగ తుడిచివేసిరి. నిజముగా ప్రయోగదశయందున్న భాగమునకు ఆ మాటను దాని వివరణముననే వ్రాయుట మేలని నిర్ణయమైనది. ప్రశ్న యొక్కటి తగ్గినచో కూర్పులు సగమగును. దోషమునకు తావును తగ్గును.

సూత్రములను చేర్చుట యెంత విద్యయో, నిష్ప్రయోజనమైన సూత్రమును గుర్తించి తీసివేయుటయు నంత విద్యయే.