కాగితంపై సూర్యచంద్రులు

ఉద్యోగరీత్యా సౌదీ అరేబియాకు వచ్చే తెలుగువారి పెట్టెలో ఆవకాయ సీసాతోపాటు పంచాంగం కూడా ఉండటం కద్దు. దాన్ని మనం పుస్తకమనే అనుకుంటాం. నిజానికి అది సూర్యచంద్రుల గమనాన్ని లెక్కకట్టి చూపే కాగితపు యంత్రం. ఆ యంత్రం ఏ ఊరికోసం తయారయిందో తెలిసి వాడితేనే సరైన ఫలితమిస్తుంది.

ఇటువంటి సాధనాలు లోకంలో అనేకం. 11వ శతాబ్దంలో స్పెయిన్‌లోని తొలెదో నగరంలో అల్ జర్ఖాలీ అనే ఖగోళ పండితుడు, పెద్ద లెక్కలతో పని లేకుండా గ్రహస్థానాలు చూపే పలకను రూపొందించాడు. 1540లో జర్మనీలోని ఇంగోల్‌స్టాట్‌లో పీటర్ ఏపియన్ ఆ పనినే కాగితంతో సాధించాడు. ఆయన అచ్చువేసిన గ్రంథంలో ఒకదానిమీద ఒకటి తిరిగే రంగురంగుల కాగితపు చక్రాలున్నాయి. వాటిని తిప్పి చంద్రుని స్థానాన్ని, గ్రహణ వివరాలను తెలుసుకునేవారు. అంతకుముందే, 14వ శతాబ్దంలో, డమాస్కస్‌కు చెందిన అల్ ఖలీలీ ఏ చోటి నుంచి చూస్తే మక్కా ఏ దిక్కున ఉంటుందో చెప్పే పట్టికలు వేశాడు. చోటు మారితే అంకె మారుతుందన్నదే ఆ పట్టికలకు పునాది.

మన పంచాంగానికీ ఇదే సూత్రం వర్తిస్తుంది. భారత కాలమానం 82.5 డిగ్రీల తూర్పు రేఖాంశానిది. సౌదీ కాలమానం 45 డిగ్రీలది. తేడా 37.5 డిగ్రీలు. డిగ్రీకి 4 నిమిషాల చొప్పున రెండున్నర గంటలు. తిథి ముగిసే క్షణం లోకమంతటికీ ఒక్కటే కనుక, పంచాంగంలోని గడియారపు వేళలోంచి రెండున్నర గంటలు తీసివేస్తే చాలు. సూర్యోదయం మాత్రం అలా కాదు, ఏ ఊరిది ఆ ఊరికే. ఉగాదినాడు విజయవాడలో పాడ్యమి ఉదయం 7.30 వరకు ఉందనుకోండి. అక్కడ సూర్యోదయానికి పాడ్యమి ఉంది. రియాద్‌లో అది 5 గంటలకే, సూర్యుడు రాకముందే ముగుస్తుంది. అప్పుడు ఇక్కడి లెక్కలో ఉగాది ముందురోజుకు జరగవచ్చు!

కాగితానికి అసలు పరీక్ష గ్రహణం. మద్రాసు నక్షత్రశాలలో పనిచేసిన చింతామణి రఘునాథాచార్యులు ఈ సంగతి బాగా ఎరిగినవారు. 1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణపు నీడ అరేబియా దక్షిణ కొసన ఏడెన్‌ను తాకి, సముద్రం దాటి, మన గుంటూరు, మచిలీపట్నాల మీదుగా సాగింది. గుంటూరులో ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు జాన్సెన్, వనపర్తిలో రఘునాథాచార్యులు దాన్ని పరిశీలించారు. హీలియం కథ మొదలైంది ఆ గ్రహణంతోనే. పంచాంగపు లెక్క కంటికి కనబడే ఆకాశంతో సరిపోవాలని వాదించి, ఆచార్యులవారు దృగ్గణిత పంచాంగాన్ని వెలువరించారు.

సౌదీ అరేబియాలోని ఉమ్ముల్ ఖురా క్యాలెండరు కూడా మక్కాను ఆధారం చేసుకుని గణించినదే. అయినా రంజాన్ మాసారంభాన్ని నెలవంకను చూసినవారి సాక్ష్యంపై ప్రకటిస్తారు. లెక్క దారి చూపుతుంది, కన్ను నిర్ధారిస్తుంది. ఈ విషయంలో ఆచార్యులవారి వాదానికీ ఈ ఆచారానికీ ఎంతో దగ్గర పోలిక ఉంది.

2027 ఆగస్టు 2 నాటి సంపూర్ణ సూర్యగ్రహణపు నీడబాట జెడ్డా, మక్కాల మీదుగా పోతుంది. ఆనాటి స్పర్శ మోక్షకాలాలను స్వదేశపు పంచాంగంలో వెతికితే దొరకవు. జెడ్డా అక్షాంశ రేఖాంశాలకు గణించవలసిందే. పండుగ తేదీపై మనలో వాదం వచ్చినప్పుడు కూడా ముందుగా అడగవలసిన ప్రశ్న ఇదే: ఈ లెక్క ఏ ఊరిది? ఆ ప్రశ్న వేయడం సంప్రదాయాన్ని కాదనడం కానేకాదు. మన గణకులు తరతరాలుగా పాటించిన పద్ధతి అదే. పరదేశంలో మన పిల్లలకు పంచాంగంతోపాటు దాన్ని చదివే ఈ విధానాన్నీ అందించగలిగితే, ఆ కాగితపు యంత్రం ఎక్కడికి వెళ్ళినా పనిచేస్తూనే ఉంటుంది.