దీమపు లేడి నుంచి కొమ్ముల చప్పుడు దాకా

ఎదకాలం వచ్చిందంటే మగ జింకకు పులి భయం కన్నా పక్క మగ జింక మీది కసే ఎక్కువ. ఈ గుట్టు వేటగాడు ఏనాడో పసిగట్టాడు. వెంటపడితే దొరకని జంతువును దాని పౌరుషంతోనే దగ్గరికి రప్పించుకున్నాడు. కొన్నిచోట్ల దాని కంటికి ఎర వేశాడు, కొన్నిచోట్ల చెవికి. మన దక్కనులో పేరుపడింది కంటి ఎరే.

పెంచిన జంతువును ఎరగా నిలిపి అడవి జంతువును పట్టే ఉపాయం తెలుగువాళ్లకు పాతదే. ఆ ఎరనే దీమం అన్నారు. కల్యాణి రాజధానిగా ఏలిన చాళుక్య రాజు మూడో సోమేశ్వరుడు (1126–1138) తన ‘మానసోల్లాసం’లో రాజుల వినోదాల వరుసలో వేటనూ చేర్చాడు. దీమపు జింకతో జింకను పట్టడం అందులో ఒక పద్ధతి. ఆ కల్యాణి నేటి బసవకల్యాణ్, తెలంగాణ సరిహద్దుకు దగ్గర్లోనే ఉంది.

ఈ వేట ఎలా సాగేదో అక్బరు కాలపు ‘ఐనె అక్బరీ’ పూసగుచ్చినట్టు చెబుతుంది. మచ్చిక చేసిన మగ జింకకు వల తగిలించి, అడవి మగ జింక కంటపడేలా వదులుతారు. తన జాగాలోకి ఇంకో మగది వచ్చిందని అడవిది మండిపడి తల వంచి కుమ్ముతుంది. ఆ పెనుగులాటలో దాని కొమ్మో కాలో చెవో వలలో చిక్కుతుంది. పొంచి ఉన్న మనుషులు పరుగెత్తుకొచ్చి ప్రాణాలతో పట్టుకుంటారు. వల తెగినా, తాను అలసిపోయినా పెంపుడు జింక తిరిగి పెంచినవాడి దగ్గరికే వస్తుంది. పట్టుబడ్డదాన్నీ మచ్చిక చేసి ఇదే పనిలో పెట్టేవారు.

జహంగీరుకు మన్‌సరాజ్ అనే జింక ఉండేది. పెంపుడు జింకలతో పోట్లాటలో, అడవి జింకలను పట్టివ్వడంలో దానికి సాటి లేదని ఆయనే రాసుకున్నాడు. అది చచ్చిపోతే సమాధి కట్టించి, ఆ చుట్టుపక్కల జింకల వేట మాన్పించాడు. నేటి పాకిస్తాన్‌లోని షేక్‌పురాలో హిరన్ మినార్ ఆ జింక గుర్తుగానే నిలిచి ఉంది.

రాజు చేస్తే వినోదం. ఇలాంటి విద్యే కూడు పెట్టిన మహారాష్ట్ర ఫాసె పార్ధీల కథ వేరు. ఉచ్చుల తాళ్లు నేల మీద పరిచి జింకలను పట్టి బతికిన ఈ సంచారులకు 1871 నాటి నేరస్థ తెగల చట్టం తర్వాత్తర్వాత చుట్టుకుంది. 1952లో ఆ చట్టం పోయింది గానీ, నేరస్థులన్న ముద్ర ఇంకా పూర్తిగా చెరగలేదు.

దక్కనులో కంటి ఎర ఎందుకు పనిచేసిందో కృష్ణజింకను చూస్తే తెలుస్తుంది. అది గడ్డి మైదానాల జీవి. దూరం నుంచే నల్లటి వీపు, మెలితిరిగిన కొమ్ములు కనిపిస్తాయి. మగది జాగా పట్టి కాస్తుంది, చొరబడ్డవాణ్ని చూస్తే ఊరుకోదు. పొదలు దట్టంగా ఉన్నచోట ఎదుటిది కనపడదు కాబట్టి అక్కడ చెవే గతి. జపానులో జింక పిల్లనగ్రోవి, జర్మనీలో బీచ్ ఆకుతో ఊదే ఆడ జింక కూత, చైనా చింగ్ చక్రవర్తుల ములాన్ వేటభూమిలో జింక తల తొడుక్కుని బాకా ఊదే వేటగాళ్లు, అన్నీ ఈ కోవలోవే.

అమెరికాలోని టెక్సస్ ముళ్లపొదల్లో కొమ్ములనే వాయిస్తారు. అక్కడి తెల్లతోక జింకకు కొమ్ములు ఏటా రాలి మళ్లీ మొలుస్తాయి. రాలిన జత ఏరి, ఒకదానికొకటి తాటించి, మెలిపెట్టి, పొదలకు రాసి, నేలకేసి కొడతారు. మగ్గాల మోతలో పుట్టి పెరిగిన మన నేతన్నల పేట పద్మనగర్ చెవికి ఆ టకటక నాడె తగిలిన చప్పుడులాగే ఉంటుంది. రెండు మగవి పోట్లాడుతున్నాయంటే దగ్గర్లో ఆడది ఉన్నట్టేనని మూడోది వచ్చేస్తుంది. 1992–95లో వెల్డర్ వన్యప్రాణి క్షేత్రంలో పరిశోధకులు 171 సార్లు ఇలా వాయిస్తే 111 మగ జింకలు వచ్చాయి. మెల్లగా తాటించిన దానికన్నా గట్టిగా వాయించిన దానికే ఎక్కువ కదిలాయి.

రామాయణంలో మారీచుడు రెండు ఎరలూ వేశాడు. బంగారు లేడి కంటికి, చివర్లో రాముడి గొంతుతో పెట్టిన కేక చెవికి. తేడా ఒక్కటే, అక్కడ మోసపోయింది మనుషులు.

1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టంలో వేట అంటే చంపడం ఒక్కటే కాదు. ఉచ్చు పన్నినా, తోలినా, ఎర పెట్టినా, అందుకు ప్రయత్నించినా వేటే. కృష్ణజింక ఒకటో షెడ్యూలులో ఉంది. దీమపు విద్యకు ఇక చోటు లేనట్టే. మగ జింకల పోట్లాట చూడాలన్న ముచ్చటకు మాత్రం అడ్డేమీ లేదు. సోలాపూర్ బంధువుల ఇంటికి వెళ్లే పద్మనగర్ వాళ్లకు అక్కడి నాన్నజ్ గడ్డి మైదానాల్లో కృష్ణజింకలు కనిపిస్తాయి. అంత దూరం పోలేనివాళ్లకు బోరివలీ జాతీయ ఉద్యానంలో మచ్చల జింకలున్నాయి. అవి ఎవరూ పిలవకుండానే తలపడతాయి.