వేకువ ఆరాధనకు ముందురాత్రి రొట్టె: మొరేవియన్ షుగర్ కేక్ చరిత్ర

అమెరికాలోని నార్త్ కరోలినా రాష్ట్రంలో విన్‌స్టన్-సేలం నగరంలోనూ, పెన్సిల్వేనియాలోని బెత్లెహేం పట్టణంలోనూ మొరేవియన్ క్రైస్తవులు క్రిస్మస్, ఈస్టర్ పండుగల ఉదయం అల్పాహారంగా తినే షుగర్ కేక్ పేరుకు కేకే గాని, నిజానికి అది ఈస్టుతో పులియబెట్టిన తీపి రొట్టె. మైదా, ఉడికించి మెదిపిన బంగాళాదుంప, వెన్న, గుడ్లు, పంచదార కలిపిన మెత్తని పిండిని పొంగనిచ్చి, వెడల్పాటి రేకు పళ్లెంలో పరచి, రెండోసారి పొంగాక పైభాగమంతా వేళ్లతో గుంటలు చేసి, ఆ గుంటల్లో వెన్న ముక్కలూ, గోధుమరంగు పంచదారా, దాల్చినచెక్క పొడీ నింపి కాలుస్తారు. వేడికి వెన్నా పంచదారా కరిగి గుంటల అడుగున పాకమై నిలుస్తాయి. ఇప్పుడు ఇది ఆ ప్రాంతపు బేకరీల్లో ఏడాది పొడవునా దొరికే మిఠాయి. అయితే దీని రూపాన్ని రుచి కంటే ఎక్కువగా నిర్ణయించినవి రెండు: తెల్లవారకముందే కూడే జనసమూహం, ఊరంతటికీ రొట్టె కాల్చిపెట్టవలసిన బట్టీ. ఆ సమాజపు చరిత్రను పక్కనపెట్టి వంటపద్ధతిని మాత్రమే చెప్పే పుస్తకాల్లో ఈ సంగతి కనబడదు.

మొరేవియన్లు అనే పేరు నేటి చెక్ దేశంలోని మొరేవియా ప్రాంతాన్నిబట్టి వచ్చింది. 1415లో యాన్ హుస్ అనే బొహీమియా మతసంస్కర్తను సజీవదహనం చేసిన తరువాత ఆయన మార్గాన నడిచినవారిలో కొందరు 1457లో కున్వాల్డ్ గ్రామంలో ‘సహోదర సంఘం’గా ఏర్పడ్డారు. 1620లో ప్రాగ్ సమీపాన జరిగిన వైట్ మౌంటెన్ యుద్ధంలో ప్రొటెస్టంటు పక్షం ఓడిపోయాక వారి ఆరాధన చాటుమాటు వ్యవహారమైంది. శతాబ్దం గడిచిన తరువాత, 1722లో, మొరేవియానుంచి పారిపోయి వచ్చిన కొన్ని కుటుంబాలకు శాక్సనీలోని తన జమీనులో నికొలస్ లుడ్విగ్ వాన్ జిన్‌జెన్‌డోర్ఫ్ అనే యువ ప్రభువు చోటిచ్చాడు. అక్కడ వెలసిన ఊరే హెర్న్‌హుట్. ఆ ఊరిలో పెళ్లికాని యువకులు ఒక ఇంట, పెళ్లికాని యువతులు మరొక ఇంట, వితంతువులు వేరొక ఇంట కలిసి బతికే పద్ధతి క్రమంగా స్థిరపడింది. వయస్సునూ స్థితినీబట్టి ఏర్పడిన ఇటువంటి వర్గాన్ని వారు ‘క్వయర్’ అనేవారు. పాటతో దానికి సంబంధం లేదు. ఒక్కో క్వయర్‌కు ఒక్కో వంటిల్లు ఉన్నచోట ఎంత సామాన్యమైన పదార్థమైనా పదుల మందికి సరిపడేలా వండవలసివచ్చేది. పాళ్లన్నీ ఆ లెక్కకే అలవాటుపడ్డాయి.

1727 ఆగస్టు 13న హెర్న్‌హుట్ పక్కనున్న బెర్తెల్స్‌డోర్ఫ్ చర్చిలో ప్రభురాత్రి భోజన సంస్కారం ముగిశాక జనం ఇళ్లకు కదలలేక చిన్న చిన్న గుంపులుగా ప్రార్థనలో ఉండిపోతే, జిన్‌జెన్‌డోర్ఫ్ తన భవనపు వంటశాలనుంచి వారికి ఆహారం పంపించాడు. ఆ తిండిని తొలినాటి క్రైస్తవుల ‘అగాపె’తో పోల్చుకొని వారు దానిని ఆచారంగా నిలబెట్టుకున్నారు. తెలుగు బైబిలులో ‘ప్రేమవిందు’ అని ఉన్నదీ, తెలుగునాట అనేక సంఘాలు ఆరాధనానంతర భోజనానికి పెట్టుకొన్న పేరూ ఇదే. అయితే మొరేవియన్ల ప్రేమవిందు కడుపు నిండే భోజనం కాదు. పాటలు పాడుతూ, బల్లలమీద కూర్చున్నచోటనే, ఒక రొట్టెముక్కా ఒక పానీయమూ అందరూ ఒకేసారి తీసుకోవడమే దాని స్వరూపం. అంటే పంచిపెట్టే పదార్థానికి కొన్ని షరతులు తప్పనిసరి: పళ్లెమూ చెంచా అక్కరలేకుండా చేతిలో ఇమడాలి, పొడిరాలకూడదు, చల్లారినా తినదగినట్టుండాలి, అన్నిటికీ మించి పాట మొదలయ్యేలోగా వందలమందికీ సిద్ధంగా ఉండాలి.

ఈ చివరి షరతును మరింత బిగించినది ఈస్టర్. 1732లో హెర్న్‌హుట్ యువకులు కొందరు ఈస్టర్ తెల్లవారుజామున హుట్‌బెర్గ్ కొండమీది సమాధులతోటకు వెళ్లి, సూర్యోదయవేళ పునరుత్థానాన్ని స్తుతించారు. తరువాతి కాలంలో మొరేవియన్లు వెళ్లిన ప్రతిచోటికీ ఆ ఆరాధన వెళ్లింది. తెలుగు క్రైస్తవులలోనూ ఈస్టర్ వేకువ ప్రార్థన పరిచితమైనదే. సూర్యుడు ఉదయించే వేళకు జనం సమాధులతోటలో ఉండాలంటే చీకటితోనే లేవాలి, చలిలో నిలబడాలి, తిరిగి వచ్చేసరికి ఆకలితో ఉంటారు. రొట్టె పని చూస్తే, ఆ కాలపు పిండి పొంగడానికి రాత్రంతా పట్టేది, బట్టీ వేడెక్కడానికి మరికొన్ని గంటలు పట్టేది. రొట్టెలవాడు కూడా సంఘ సభ్యుడే కనుక అతడూ ఆరాధనలో ఉండాలి. కాబట్టి పండుగ అల్పాహారం ముందురోజే కాలి ఉండాలి, మరునాటికి ఎండిపోకుండానూ ఉండాలి.

అట్లాంటిక్ దాటిన మొరేవియన్లు 1741లో పెన్సిల్వేనియాలో నెలకొల్పిన ఊరికి ఆ ఏటి క్రిస్మస్ ముందురాత్రి బెత్లెహేం అని పేరు పెట్టారు. 1762 వరకు అక్కడ సొంత సంసారపు లెక్కలు లేవు. ప్రతివారూ సంఘం కోసం పనిచేసేవారు, సంఘమే అందరికీ కూడూ గూడూ సమకూర్చేది. 1753లో నార్త్ కరోలినాలో దాదాపు లక్ష ఎకరాల భూమిని కొని దానికి వాకోవియా అని పేరు పెట్టుకొన్న తరువాత, బెత్లెహేంనుంచి బయలుదేరిన పదిహేనుమంది సహోదరులు ఆ నవంబరు 17న అక్కడికి చేరి, ఎవరో విడిచిపోయిన ఒక చెక్కగుడిసెలో ఆ రాత్రే ప్రేమవిందు చేసుకొన్నారు. అడవి నడుమ గుడిసెలో బట్టీ గాని పంచదార రాశులు గాని ఉండే అవకాశం లేదు. ఈ సంగతిని గుర్తుంచుకొంటే, తొలినాటి విందుల్లోనే నేటి షుగర్ కేక్ ఉండేదని చెప్పే కథనాలను ఎంతవరకు నమ్మాలో తెలుస్తుంది. శాక్సనీ, సైలీషియా ప్రాంతాల ఇళ్లలో రేకు పళ్లెంమీద కాల్చే తీపి రొట్టెల సంప్రదాయం ఉన్న మాట నిజమే. అది అమెరికాలో పండుగ అల్పాహారంగా కుదురుకోవడానికి మాత్రం ఊరూ, బట్టీ, అంగడీ కావలసివచ్చాయి.

ఆ మూడూ వాకోవియాలో వెలసిన సేలంలో, అంటే నేటి విన్‌స్టన్-సేలంలో కలిసిన ఊరిలో, సమకూరాయి. 1766లో నిర్మాణం మొదలైన ఈ ఊరిలో భూమి సంఘానిది. ఇల్లు కట్టుకొనేవారు స్థలాన్ని కౌలుకు తీసుకొనేవారు. ఎవరు ఏ వృత్తి చేయాలో, ఊరికి ఎందరు పనివారు చాలునో సంఘపు పర్యవేక్షక సభ నిర్ణయించేది. 1800లో కట్టిన ఒక బేకరీ కొద్ది సంవత్సరాలకే స్విట్జర్లాండులో పుట్టిన క్రిస్టియన్ వింక్లర్ చేతికి వచ్చి, శతాబ్దానికి పైగా ఆయన వంశీకుల అధీనంలో నడిచింది. సేలంలోని చారిత్రక భవనాల్లో ఒకటిగా అది నేటికీ నిలిచి ఉంది. దాని బట్టీ ఇటుకతో కట్టిన గుమ్మటం. కట్టెలను గుమ్మటం లోపలనే పేర్చి గంటలకొద్దీ మండించి, ఇటుకలు వేడిని పీల్చుకొన్నాక నిప్పులనూ బూడిదనూ బయటికి లాగి, తడిగుడ్డ కట్టిన కర్రతో నేలను తుడిచి, పొడవాటి పిడి ఉన్న చెక్కపారతో రొట్టెలను లోపలికి జరుపుతారు. మంట ఆరిపోయిన తరువాత ఇటుకల్లో నిలిచిన వేడి మీదనే కాల్పు సాగుతుంది కనుక, వేడి తగ్గేకొద్దీ దేనిని ఎప్పుడు పెట్టాలో ఒక క్రమం ఏర్పడుతుంది: గట్టి రొట్టెలు మొదట, వెన్నా పంచదారా కలిసి త్వరగా మాడిపోయే తీపి రొట్టెలు వేడి కాస్త చల్లబడ్డాక, పలుచని బిస్కట్లు ఆ తరువాత. ఒకసారి మండించిన కట్టెలు ఇన్ని విడతల పనికి వచ్చేవి. తీపి రొట్టె రోజువారీ రొట్టె వేడిని వెన్నంటి కాలింది కాబట్టే, పండుగనాడు అంతమందికి దానిని పెట్టడం సామాన్య జీవనంలో సాధ్యపడింది.

బంగాళాదుంప పాత్ర ఇంకా ముఖ్యమైనది. పద్దెనిమిదో శతాబ్దపు మధ్యకాలంలో మధ్య ఐరోపాలో ఇంకా కొత్త పంటగానే ఉన్న ఈ దుంపను సాగుచేయాలని ప్రష్యా రాజు రెండవ ఫ్రెడరిక్ 1756లో ఆజ్ఞ జారీ చేయవలసివచ్చింది. గోధుమ తక్కువైనచోట పిండిని పెంచడానికి దుంప కలపడం పేదల ఉపాయం కావచ్చు. షుగర్ కేక్‌లో అది నిలిచిపోవడానికి కారణం వేరు. ఉడికిన దుంపలోని పిండిపదార్థం నీటిని పీల్చి ఉబ్బి ఉంటుంది. దానిని మైదాలో కలిపినప్పుడు రొట్టె పిండి ఎక్కువ నీటిని పట్టుకొంటుంది, కాలిన తరువాత ఆ తేమను నెమ్మదిగా వదులుతుంది. అందువల్ల మామూలు రొట్టె మరునాటికి బిరుసెక్కినా ఇది మెత్తగానే ఉంటుంది. దుంపలు ఉడికించిన నీటిని కూడా పారబోయరు, పిండి కలపడానికి అదే వాడతారు. 1868లో ఫ్లైష్మన్ సోదరులు సిన్సినాటిలో అచ్చుకట్టిన ఈస్టును తయారు చేయడం మొదలుపెట్టేదాకా, రొట్టెలవారు సారాయి బట్టీల నురగనో, దుంపలూ హాప్స్ పూలూ ఉడికించిన నీటిలో తాము పెంచుకొన్న పులుపునో వాడేవారు. పెరుగుకు తోడు మిగిల్చినట్టు దానిలో కొంత ఎప్పుడూ దాచి ఉంచేవారు. ఆ పులుపుకు దుంపనీరే మేత. అది మెల్లగా పనిచేస్తుంది కాబట్టి సాయంత్రమే పలుచని పిండిగా కలిపి రాత్రంతా వదిలేయడం అలవాటైంది. ఒకే దుంప ఇలా పిండిని పొంగించడంలో సాయపడి, కాలిన రొట్టెను నిలవ ఉంచడంలోనూ సాయపడింది.

పంచదార చరిత్ర ఇంత నిష్కల్మషం కాదు. జిన్‌జెన్‌డోర్ఫ్ బాల్యంలో చదివినది జర్మనీలోని హాలె పట్టణంలో. తమిళనాట తరంగంబాడికి మిషనరీలను పంపిన కేంద్రం, 1740లలో బెంజమిన్ షుల్జ్ తెలుగు పుస్తకాలను అచ్చువేయించిన చోటూ ఆ ఊరే. అక్కడ విన్న విదేశ వార్తలు ఆయన మనస్సులో నాటుకొన్నాయి. 1731లో డెన్మార్క్ రాజు పట్టాభిషేకానికి కోపెన్‌హాగెన్ వెళ్లినప్పుడు, కరీబియన్ సముద్రంలోని సెయింట్ థామస్ దీవినుంచి వచ్చిన ఆంటన్ ఉల్రిక్ అనే నల్లజాతి సేవకుడు అక్కడి బానిసల స్థితిని ఆయనకు చెప్పాడు. మరుసటి సంవత్సరమే ఇద్దరు మొరేవియన్లు ఆ దీవికి బయలుదేరారు. అది చెరకు తోటల దీవి. బానిసలకు సువార్త చెప్పబోయిన ఆ సంఘమే కొన్నేళ్లకు అక్కడ తోటను కొని, బానిసలకు యజమాని అయింది. వాకోవియాలోనూ సంఘం 1769నుంచి బానిసలను కొన్నది. మొదటి దశాబ్దాల్లో నల్లజాతి సభ్యులు తెల్లవారితో కలిసి ఆరాధించేవారు, చనిపోతే ఒకే తోటలో సమాధి అయ్యేవారు. 1816లో సమాధులు వేరయ్యాయి, 1822లో సంఘం వేరైంది. అదే నేటి సెయింట్ ఫిలిప్స్ చర్చి. అందరికీ ఒకే కొలత రొట్టె పంచడం సమానత్వానికి గుర్తు అని ఆచారాన్ని ప్రశంసించే రచనలు ఈ అధ్యాయాన్ని దాటవేస్తే అవి అసంపూర్ణమే అవుతాయి. రొట్టె మీది పంచదార ఏ తోటల్లో ఎవరి చేతులమీదుగా వచ్చేదో ఆ సంఘానికి ఇతరుల కంటే బాగా తెలుసు.

ప్రేమవిందులో పంచే బన్ను, షుగర్ కేక్ తోబుట్టువుల వంటివే అయినా ఒకటి కావు. నార్త్ కరోలినాలో బన్ను గుండ్రంగా, అరచేతి వెడల్పున, నారింజ తొక్క వాసనతో, మీద ‘ఎం’ అక్షరం గీసి ఉంటుంది. విందువేళ స్త్రీలు బుట్టల్లో బన్నులు తెస్తారు, పురుషులు పాలూ పంచదారా ముందే కలిపిన కాఫీ కప్పులను చెక్క పళ్లేల్లో తెస్తారు. ఈ పని చేసేవారిని జర్మన్ మాటతో ‘డీనర్’లని పిలుస్తారు. పాట ఆగకుండానే పంపకం పూర్తవుతుంది. షుగర్ కేక్ గుడిలో పంచేది కాదు, ఇంటి బల్లమీదా సంఘపు భోజనశాలలోనూ కోసి పెట్టేది. గుంటల్లోని పాకం వేళ్లకు అంటుకొంటుంది. పాటల పుస్తకం పట్టుకొన్న చేతికి అది కుదరదు.

సేలంలో ఈస్టర్ వేకువ ఆరాధన 1772నుంచి సాగుతున్నది. ఆదివారం నడిరేయి దాటాక ఇత్తడి వాద్యకారులు జట్లుగా విడిపోయి, వీధివీధినా ఆగి కీర్తనలు వాయిస్తూ ఊరిని మేల్కొలుపుతారు. గంటలకొద్దీ తిరిగి వచ్చిన వారికి సూర్యోదయానికి ముందే సంఘం అల్పాహారం పెడుతుంది. కాఫీతోపాటు షుగర్ కేక్ ఆ బల్లమీద తప్పక ఉంటుంది. ఆ తరువాత 1800లో కట్టిన హోం చర్చి ముందు ఆరాధన ఆరంభమై, జనం సమాధులతోటకు సాగుతారు. అక్కడ ధనిక పేద భేదం లేకుండా అన్నీ ఒకే కొలత పలకరాళ్లు. నగరం పెరిగి, మొరేవియన్లు కానివారూ వేలసంఖ్యలో రావడం మొదలయ్యాక, అందరికీ అల్పాహారం పెట్టడం ఏ సంఘానికీ సాధ్యం కాలేదు. వాద్యకారుల బల్ల మాత్రం నిలిచింది.

ఇరవయ్యో శతాబ్దంలో రొట్టె పని ఎక్కువగా వ్యాపార బేకరీలకు మారింది. 1930లో విన్‌స్టన్-సేలంలో ప్రారంభమైన డ్యూయీస్ వంటి సంస్థలు షుగర్ కేక్‌ను డబ్బాల్లో అమ్ముతున్నాయి. చర్చి వంటశాలల్లో వాలంటీర్లు పండుగకు ముందుగానే కాల్చి, చల్లార్చి, డీప్ ఫ్రీజర్లో పెట్టి, పండుగ ఉదయం వేడిచేస్తున్నారు. ఫ్రీజర్ వచ్చాక రొట్టెను మరునాటిదాకా మెత్తగా ఉంచే బాధ్యత దుంపకు తప్పినట్టే, అచ్చు ఈస్టు వచ్చాక పులుపుకు మేత పెట్టే బాధ్యతా తప్పినట్టే. అయినా దుంప లేని షుగర్ కేక్‌ను సేలం వంటవారు అంగీకరించరు. ఇంట్లో చేసేవారిలో కొందరు ఎండబెట్టిన దుంపపొడిని డబ్బాలోనుంచి తీసి కలుపుతున్నారు గాని, దానిని మానేయడం లేదు.