బి.పి. మాత్ర - ఒక మందా, రెండా?

మన సంఘ సమావేశాల్లో డి.ఎ. బకాయిల తరువాత ఎక్కువగా వినిపించేది బి.పి. మాటే. "రెండు మందులు కలిపిన మాత్ర రాశారండీ, జబ్బు ముదిరినట్టేనా?" అని దిగులుపడే మిత్రులున్నారు. పాత ఫైలు తిరగేస్తే అలా అనిపించదు.

1945లో అమెరికా అధ్యక్షుడు రూజ్‌వెల్టు మెదడులో రక్తస్రావమై మరణించిన రోజున ఆయన బి.పి. 300/190. అంతటివారికీ తగిన మందు లేదు. మన దేశంలో సర్పగంధి వేరు ఉండేది. బొంబాయి డాక్టరు రుస్తుం జాల్ వకీల్ 1949లో దాని గుణాన్ని బ్రిటిష్ వైద్యపత్రికలో ప్రకటించారు. 1952లో అందులోంచి రెసర్పిన్ తీశారు.

బి.పి. తగ్గిస్తే ప్రాణం నిలుస్తుందని గట్టిగా రుజువైంది 1967లో. అమెరికాలో డాక్టర్ ఫ్రైస్ బృందం తీవ్రమైన బి.పి. గల 143 మంది మాజీ సైనికులను పరీక్షించింది. ఉత్తుత్తి మాత్రలు మింగిన 70 మందిలో 27 మందికి పెద్ద ప్రమాదాలు వచ్చాయి. మందు తిన్న 73 మందిలో ఇద్దరికే! ఆ మందు ఒకటి కాదు, మూడు కలిపినది. అందులో మన రెసర్పినూ ఉంది. మన తరానికి గుర్తున్న అడెల్ఫేన్ కూడా కలగలుపు మాత్రే.

తరువాత పద్ధతి మారింది. 1977లో అమెరికా నిపుణుల సంఘం మెట్లవారీ వైద్యం చెప్పింది: ముందు ఒకే మందు, మోతాదు పెంచుతూ పోవాలి, చాలకపోతేనే రెండోది. సెక్షన్ దాటితేగాని పైకి వెళ్లని ఫైలులాగ! అందులో న్యాయం లేకపోలేదు. కాళ్లవాపో, పొడిదగ్గో వస్తే ఏ మందు వల్లనో ఇట్టే తెలుస్తుంది.

2009లో 42 పరీక్షల లెక్కలు కలిపి చూశారు. ఒకే మందు మోతాదు రెట్టింపు చేయడం కన్నా, వేరే రకం మందు జతచేస్తే బి.పి. సుమారు అయిదు రెట్లు ఎక్కువ తగ్గుతుందని తేలింది. ఒకటి రక్తనాళాన్ని సడలిస్తే, మరొకటి ఉప్పును మూత్రంలో పంపుతుంది. మోతాదులు తక్కువ గనుక బాధలూ తక్కువ. 2018లో యూరప్ వైద్యులు చాలామందికి మొదటినుంచే జంట మాత్ర ఇమ్మన్నారు. 80 దాటినవారికి, నీరసించినవారికి మాత్రం ఒకే మందుతో మొదలుపెట్టవచ్చన్నారు. 2019లో ప్రపంచ ఆరోగ్య సంస్థ జంట మాత్రలను అత్యవసర మందుల జాబితాలో చేర్చింది.

జంట మాత్రకు మారినవారు పాత విడి మాత్రల సంగతి డాక్టరుగారిని అడగండి. ఆపమంటే ఆ స్ట్రిప్పులను డబ్బాలోంచి తీసేయమని ఇంట్లోవాళ్లకు చెప్పండి. పేర్లు వేరు గనుక రెండూ మింగి, లేచి నిలబడగానే కళ్లు తిరిగి పడే ప్రమాదం ఉంది.