పేడు లేవని కోత

1920లలో అమెరికాలోని న్యూ ఆర్లీన్స్‌లో ఎడ్మండ్ మిషెల్ చేత్తో పట్టుకు నడిపే కరెంటు రంపం తయారుచేశాడు. చెరకు నరికే కూలీల అవస్థ చూశాకే ఆయనకు ఆ ఆలోచన వచ్చిందంటారు. రంపం వేగంగా కోసింది, కానీ చెక్కను చెదరగొట్టింది.

కారణం బ్లేడు తిరిగే తీరు. పళ్లు కింది నుంచి చెక్కలో దూరి, పైకి వచ్చేటప్పుడు నారను ఎత్తుతాయి. పట్టు లేని చోట పేడు లేస్తుంది. అందుకే వడ్రంగులు మంచి ముఖాన్ని కిందికి తిప్పి కోసేవారు, గీత వెంట టేపు అతికించేవారు, లేదా ముందే కత్తితో గాటు పెట్టేవారు.

రెండో ప్రపంచ యుద్ధం తర్వాత యూరప్‌లో పార్టికల్ బోర్డు వాడకం పెరిగింది. దాని పైపొర పల్చన, పెచ్చు లేస్తే దాచలేం.

1925లో జర్మనీలో మొదలైన ఫెస్టో సంస్థ 1960లలో రంపానికి, అది జారి నడిచే అల్యూమినియం పట్టా జతచేసింది. ఇప్పటి పట్టాల అంచున రబ్బరు పట్టీ ఉంటుంది. మొదటిసారి నడిపినప్పుడు రంపమే దాన్ని కోసుకుంటుంది. ఇక ఆ అంచే కోత గీత. నారను అణిచిపెట్టేదీ అదే. విడిపోయే ముక్క వైపు ఆ అండ ఉండదు కనుక కొన్ని రంపాలకు అటూ ఒక అడ్డుముక్క బిగిస్తారు. పట్టీ అరిగితే పీకి కొత్తది అతికించి, మళ్లీ రంపంతోనే సరిచేస్తారు.